పడవకు వేళ్లుండవు

నర్సమ్మ పోయిందన్న ఫోను వచ్చేసరికి నేను సూళ్లూరుపేటలో, నేను పనిచేసే జిరాక్సు షాపులో, ఎవరిదో రేషన్ కార్డు దరఖాస్తు టైపు చేస్తున్నాను. ఫోను చేసింది అమ్మ. "అమ్మే, నర్సమ్మ లేదంట. పొద్దున టీ తాగి కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయిందంట" అని చెప్పింది. ఫోను మాత్రం పెట్టలేదు. ఆమె ఊపిరి నాకు వినిపిస్తోంది. ఇద్దరం ఒకే సంగతి అనుకుంటున్నామని ఇద్దరికీ తెలుసు. అక్క కేసు వాయిదాకు ఇంక ఎనిమిది రోజులే ఉంది. ఆ రోజు కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిన మనిషి నర్సమ్మ.

ముందు భయం వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ దీన్ని దాచి ఆమె గురించి రాయడం నాకు చేతకాదు. చూసింది చూసినట్టు రాయమని నాకు నేర్పింది ఆమే.

మాది పులికాట్ సరస్సు ఒడ్డున ఒక చేపల ఊరు. ఊరి మొదట్లో, రోడ్డు మీది కల్వర్టు దాటగానే, రెండు గదుల ఆరోగ్య ఉపకేంద్రం ఉంది. అందులో ఆమె ఇరవై ఆరేళ్లు నర్సు. నెల్లూరు దగ్గర ఒక క్రైస్తవ కుటుంబంలో పుట్టింది. ఉద్యోగం కోసం మా వైపు వచ్చి తిరిగి వెళ్లలేదు. పచ్చి చేపల వాసన ఆమెకు పడదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే మా వీధుల్లో తిరిగేది. అదే మనిషి ఎవరింట్లోనైనా రొయ్యపొట్టు వేయిస్తుంటే గుమ్మంలో నిలబడి, "అమ్మే, దాన్ని ముద్దలో కలిపి ఒక్కటి పెట్టు, పుణ్యముంటుంది" అని చెయ్యి చాపేది.

మా పేర్లు ఆమెకు గుర్తుండేవి కావు. టీకాలు గుర్తుండేవి. తట్టు టీకా రోజున నేను ఒడ్డున బోర్లించిన పడవ కింద దూరి తప్పించుకున్నానట. అప్పటినుంచి నేను "తట్టుదాన్ని". డిగ్రీ పాసై మిఠాయి తీసుకుని వెళ్తే, డబ్బా మూత తీసి చూసి, "తట్టుదానా, మీ ఇంట్లో మొట్టమొదట బడి మొహం చూసింది నువ్వేనంటే! ఆ పొద్దు సూదికి భయపడి పరిగెత్తినావు. బడికి మాత్రం పరిగెత్తలా" అంది. ఆ మాట నాకు సర్టిఫికెట్ కన్నా ఎక్కువ.

ఇక ఆమె జీవితంలోని ఒక తప్పు గురించి చెప్పాలి. ఆమే నాతో ఎన్నోసార్లు చెప్పుకుంది కాబట్టి నేను చెప్పినా ఏమీ అనుకోదు.

నాకు ఐదేళ్లప్పుడు మా నాన్న అమ్మ ఎడమ చెయ్యి పట్టుకుని మెలితిప్పాడు. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. అమ్మ ఆ చేతిని కొంగులో చుట్టుకుని ఉపకేంద్రానికి వెళ్లి, "పడవ ఒడ్డుకు లాగుతుంటే అంచు తగిలింది నర్సమ్మా" అని చెప్పింది. మా ఊళ్లో ఆడవాళ్లందరూ చెప్పేది అదే. పెదవి పగిలినా, చెవి వాచినా, చెయ్యి విరిగినా పడవ అంచే. చెప్పకపోవడానికి కారణం సిగ్గొక్కటే కాదు. మా ఊరి పెద్దలను కాపులు అంటారు. ఇంటి గొడవైనా వీధి గొడవైనా వాళ్ల ముందు పెట్టకుండా స్టేషను గడప తొక్కితే ఆ ఇంటి మీద దురాయి వేస్తారు. దురాయి పడితే ఆ ఇంటి పడవ నీళ్లలో దిగకూడదు, ఆ ఇంటివాళ్లతో ఎవరూ మాట్లాడకూడదు. విరిగిన చేతికన్నా ఒడ్డున కట్టేసిన పడవ పెద్ద కష్టం. అందుకే ఆడవాళ్లు నేరమంతా పడవ మీద పెట్టేవాళ్లు.

అమ్మ చెప్పింది నర్సమ్మ తన రిజిస్టరులో రాసింది. "పడవ అంచు తగిలి ఎడమ మణికట్టు విరిగింది." కట్టు కట్టి సూళ్లూరుపేట ఆసుపత్రికి పంపించింది.

రెండేళ్ల తర్వాత ఒక రోజు ఇక భరించలేక అమ్మ మామను, అంటే తన తమ్ముణ్ని, వెంటబెట్టుకుని స్టేషనుకు పోయింది. లోపల కుర్చీలో ఉన్నాయన తలెత్తకుండానే, "మొగుడు కాక పక్కింటోడు కొడతాడా? పొయ్యి మీ కాపుల్లో చెప్పుకోండి" అన్నాడట. ఆ మాట మామ ఇప్పటికీ ఆయన గొంతుతోనే అనుకరించి చెబుతాడు. చెప్పి నవ్వుతాడు. ఆ నవ్వు వింటే నేను లేచి బయటికి వెళ్లిపోతాను. తర్వాత ఎవరో చెబితే అమ్మ మనోవర్తి కోసం కోర్టుకు వెళ్లింది. నాన్న తరఫు లాయరు నర్సమ్మ రిజిస్టరు తెప్పించాడు. ఆ ఒక్క వాక్యం చదివి వినిపించాడు. అమ్మ కేసు పోయింది. ఆ సాయంత్రం కోర్టు నుంచి అమ్మ, నాన్న ఒకే బస్సులో ఊరికి వచ్చారు. ఇంటికి వెళ్లడానికి వేరే బస్సు లేదు. వేరే ఇల్లూ లేదు. ఆ బస్సులో అమ్మ పక్కన నేను కూర్చున్నాను. కల్వర్టు దగ్గర దిగేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు. నా వేళ్లు తెల్లగా పాలిపోయాయి.

ఆడవాళ్లను ఇళ్లలో కొట్టకుండా కాపాడే చట్టం అప్పటికే వచ్చిందట. మా ఊరికి మాత్రం రాలేదు.

అది తీసుకొచ్చింది నర్సమ్మే. నేను హైస్కూల్లో ఉండగా ఆమెను నెల్లూరులో రెండు రోజుల శిక్షణకు పిలిచారు. తిరిగొచ్చి, పిల్లల టీకాల రోజున ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టింది. "ఇంక స్టేషను ఒక్కటే దారి కాదంట. ఇట్టాంటి వాటికని ఒక ఆఫీసరమ్మ ఉంటుంది. ఆమె కాయితం రాసి కోర్టుకు పంపుతుంది. నువ్వు ఇల్లొదిలి పోవాల్సిన పన్లేదు. కొట్టకూడదని, ఇంట్లోంచి గెంటకూడదని కోర్టు వాడికి చెబుతుంది. మాట దాటితే అప్పుడు జైలు" అంది.

"కోర్టొచ్చి మా ఇంట్లో కూర్చుంటుందా నర్సమ్మా?" అని ఒకామె అడిగింది.

"దానికి కూడా మనమే అన్నం వండాల్నేమో" అని ఇంకొకామె అంది. అందరూ పకపకా నవ్వారు. నర్సమ్మా నవ్వింది. అమ్మ మాత్రం నవ్వలేదు.

ఆ రోజు అందరూ వెళ్లిపోయాక నర్సమ్మ మా ఇంటికి వచ్చింది. గడప లోపలికి రాకుండా నిలబడి అమ్మతో, "పాపా, ఆ పొద్దు నేను నీ చెయ్యి చూడలా. నీ నోరు చూసినా. నువ్వు చెప్పింది రాసినా. నన్ను క్షమించు" అంది. అమ్మ గాభరాగా లేచి, "నేను చెప్పిందే గదమ్మా నువ్వు రాసింది, నీ తప్పేముంది" అంది. అంతే. ఇద్దరూ ఆ తర్వాత దాని గురించి మాట్లాడలేదు. నాన్న పోయి ఆరేళ్లయినా అమ్మ ఇప్పటికీ ఎవరడిగినా, వంకరగా అతుక్కున్న ఆ మణికట్టు చూపించి పడవ పేరే చెబుతుంది.

కానీ ఆ రోజునుంచి నర్సమ్మ పద్ధతి మార్చింది. ఎవరైనా పడవ అంచు తగిలిందంటే, పెన్ను పక్కన పెట్టి, తన చెయ్యి తీసి ఆ దెబ్బ మీద పెట్టేది. వేలి మీద వేలు, బొటనవేలి మీద బొటనవేలు. అచ్చుతో సరిపోతే, "పడవకు వేళ్లుండవు మే" అనేది మెల్లగా. కొందరు చెయ్యి లాక్కుని వెళ్లిపోయేవాళ్లు. కొందరు ఏడ్చేవాళ్లు. ఆమె ఎవరినీ బలవంతపెట్టేది కాదు. కానీ పుస్తకంలో మాత్రం తను చూసిందే రాసేది.

ఇక మా అక్క. నాకన్నా నాలుగేళ్లు పెద్దది. నన్ను చదివించడం కోసం తను బడికి వెళ్లలేదు. సరస్సుకు అవతల ఊళ్లో ఐసు వ్యాను నడిపే అతనికి ఇచ్చారు. ఇప్పటికీ నేనతణ్ని బావ అనే అంటాను. ఇంకో మాట నోటికి రాదు. అతని మోటారుసైకిలుకు సైలెన్సరు పగిలి ఉంటుంది. ఆ చప్పుడు మైలు దూరం నుంచి వినిపిస్తుంది. పెళ్లయిన కొత్తలో ఆ చప్పుడు వింటే అక్క అద్దం ముందుకు పరిగెత్తేది. రెండేళ్లు తిరిగేసరికి ఆ చప్పుడు వింటే చేతిలో ఉన్నది ఏదైనా కింద పెట్టేసి గోడకు ఆనుకుని నిలబడేది.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం అక్క మా ఇంటికి వచ్చింది. ఆ ఎండలో మోచేతుల దాకా చేతులున్న జాకెట్టు వేసుకుని ఉంది. నేను ఉపకేంద్రానికి తీసుకెళ్లాను. నర్సమ్మకు ఉద్యోగం ఇంకా కొన్ని నెలలే మిగిలి ఉంది. అక్క కూర్చుంది. "పడవ అంచు తగిలింది నర్సమ్మా" అంది.

అమ్మ చెప్పిన మాట. అక్షరం తేడా లేదు. నేర్పినవాళ్లు ఎవరూ లేరు.

నర్సమ్మ జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. కాసేపు చూసింది. తర్వాత తన కుడి చెయ్యి ఆ కమిలిన చోట పెట్టింది. నాలుగు వేళ్లు ముందు, బొటనవేలు వెనక. అచ్చు ఆమె చేతికన్నా పెద్దది. కానీ వరుస సరిగ్గా అదే. అక్క ఆ చేతి వైపు చూసింది. ఏడుపుకు భుజాలు కదిలాయి.

"రాయమంటావా?" అని అడిగింది నర్సమ్మ.

"రాస్తే ఆయనకు తెలుస్తుందా?"

"తెలుస్తుంది."

"రాయకపోతే?"

"రాయకపోతే నీకు మాత్రమే తెలుస్తుంది. మీ అమ్మకు తెలిసినట్టు."

అక్క నేల వైపు చూస్తూనే తలూపింది. నర్సమ్మ రాసింది. రాయడం అయ్యాక పుస్తకం నా వైపు తిప్పి, "నేను రాసింది నేనే చదివితే నాకు నచ్చినట్టు చదువుతాను. నువ్వు చదువు తట్టుదానా. మీ అక్క విని సరేనన్నాకే ఏలిముద్ర" అంది. నేను చదివాను. "ఎడమ చేతి పైభాగాన ముందు నాలుగు వేళ్ల అచ్చులు, వెనక బొటనవేలి అచ్చు. నా చెయ్యి పెట్టి చూశాను. మణికట్టు మీద కడియం ఒత్తుకున్న గుర్తు. భర్త పట్టుకుని గోడకు తోశాడని చెప్పింది." ఆ వాక్యాలు మాత్రం పుటలో మిగతా రాతకన్నా పెద్ద పెద్ద అక్షరాలతో ఉన్నాయి. రెండు గీతల మధ్య పట్టక పైకీ కిందికీ పొంగాయి.

"ఎందుకిట్ట పెద్దగా రాసినావు?" అని అడిగాను.

"భయం మే" అంది మామూలుగా. "ఇట్టాంటిది రాసినప్పుడల్లా వాడెవడో ఈ గుమ్మంలోకొచ్చి నిలబడి ఉన్నట్టే ఉంటుంది. ఒకసారి ఒకడు నిజంగానే వచ్చి నిలబడినాడు. చెయ్యి వణుకుతుంది. చిన్నగా రాస్తే వణుకు అక్షరం మీద పడి చదవను రాదు. అందుకని పెద్దగా రాస్తాను. భయపడితే పడినాములే, చదివేవాళ్లకు తెలియాల గదా."

ఆమెకు భయం లేదనుకుంటూ పెరిగాను నేను. ఆ రోజే తెలిసింది.

అక్కను స్టేషనుకు తీసుకెళ్లినప్పుడు అమ్మ కాలానికీ ఇప్పటికీ తేడా చూశాను. కుర్చీ ఇచ్చారు. ఒక మహిళా కానిస్టేబుల్ నీళ్లిచ్చింది. మీ ఊరు మా పరిధి కాదనలేదు. రాసుకున్నారు, కాపీ చేతికిచ్చారు. అయితే రాసుకునే ముందు, "ఇంకొకసారి ఆలోచించుకో చెల్లీ, పిలిపించి గట్టిగా చెబుదుమా?" అని మూడుసార్లు అడిగారు. ఆఫీసరమ్మ తన కాగితం నింపింది. దానితోపాటు నర్సమ్మ రాసిన పుట నకలు జత చేసింది. నెల తిరగకముందే కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. బావ కల్వర్టు దాటి మా ఊరి వైపు రాకూడదు. ఆ కాగితం అక్క చదవలేదు. మడిచి పాలిథిన్ కవరులో పెట్టి బియ్యం డబ్బాలో దాచుకుంది.

కాపులు ఊరుకోలేదు. వలలు ఆరబెట్టే మైదానంలో కూర్చుని మామను పిలిచారు. చెప్పకుండా కోర్టుకు పోయినందుకు అతని పడవ మీద దురాయి వెయ్యాలన్నారు. మా పూట గడిచేది ఆ పడవ మీదే. ఆ కూటంలో ఆడవాళ్లు మాట్లాడకూడదు. నేను, అమ్మ దూరంగా నిలబడ్డాం. నర్సమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నడుచుకుంటూ వచ్చి మధ్యలో నిలబడింది.

"పెద్దాయనా, ఆ కాయితం నేను రాసినా. మీ ఆచారం ప్రకారం దురాయి నా మీద వెయ్యాల. వేసుకోండి. అట్టనే మీ కోడళ్ల కాన్పులకు గూడా నర్సమ్మను పిలవకూడదని అందులోనే చేర్చండి. మీ చిన్న కోడలికి ఎనిమిదో నెల గదా?"

ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. పెద్దాయన మీసం సవరించుకుని, "నువ్వు సర్కారు మనిషివి, నీకేం చెప్పేది" అన్నాడు. దురాయి వెయ్యలేదు. కానీ ఆ తర్వాత నెల రోజులు మామ పడవ ఎక్కడానికి తోడు మనిషి ఎవరూ రాలేదు. దురాయి అనకుండానే దురాయి ఎట్టా వేస్తారో అప్పుడు తెలిసింది. నర్సమ్మ ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి, గడప దగ్గర కూర్చుని రొయ్యపొట్టు ముద్ద తిని వెళ్లేది. ఊళ్లో మా గడప తొక్కిన మనిషి ఆమె ఒక్కతే.

చట్టం మారింది గాని వాయిదాలు మారలేదు. తుది విచారణ ఒకసారి వాళ్ల లాయరు రాలేదని, ఒకసారి సెలవని, ఒకసారి మళ్లీ లాయరు రాలేదని వెనక్కి పోయింది. ప్రతిసారీ నర్సమ్మ ఇస్త్రీ చేసిన తెల్ల చీర కట్టుకుని, గుండె మాత్రలు సంచిలో వేసుకుని, ఉద్యోగం అయిపోయాక సూళ్లూరుపేటలో తీసుకున్న అద్దె ఇంటి నుంచి కోర్టుకు నడిచి వచ్చేది. ప్రతిసారీ, "ఈ చీర మళ్లా మడతపెట్టాల్సిందేనా" అని విసుక్కుంటూ వెనక్కి వెళ్లేది. నాలుగో వాయిదాకు ఎనిమిది రోజుల ముందు ఆమె పోయింది. ఆమెకు ఆ చీరే కట్టారు.

సమాధుల తోటకు మా ఊరి నుంచి ట్రాక్టరులో వచ్చారు. కాపుల పెద్దాయనా వచ్చాడు. పెట్టె మూసే ముందు నేను ఆమె కుడి చెయ్యి చూశాను. ఎంత చిన్న చెయ్యో! ఆ వేళ్లతోనే అంతమంది దెబ్బలు కొలిచింది. పాట పాడుతుండగా గోడ అవతల రోడ్డు మీద ఒక చప్పుడు దగ్గరకొచ్చింది. పగిలిన సైలెన్సరు. అక్క నా చెయ్యి పట్టుకుంది. బండి గోడ పక్కన నెమ్మదిగా, చాలా నెమ్మదిగా పోయింది. నర్సమ్మ నిజంగా పోయిందో లేదో చూసుకోవడానికి వచ్చాడేమో. పాట ఆగలేదు. నాకు మాత్రం ఆ తర్వాత పాటలో ఒక్క మాటా వినిపించలేదు.

అక్క తరఫు లాయరు మేడం, "చనిపోయిన మనిషి తన ఉద్యోగంలో భాగంగా రాసిపెట్టినదాన్ని కోర్టు చూడొచ్చు. కానీ అది ఆమె చేతిరాతే అని తెలిసిన మనిషి ఎవరైనా నిలబడి చెప్పాలి" అంది. తెలిసిన మనిషిని నేనే. ఆ ఎనిమిది రోజులు నేను షాపుకు కూడా మామ వెంట వస్తేనే వెళ్లాను.

వాయిదా రోజున కొత్త నర్సు రిజిస్టరు తెచ్చింది. చిన్న గది. బావ నాకు నాలుగు అడుగుల దూరంలో నిలబడ్డాడు. అక్క మణికట్టు మీద గుర్తు పెట్టిన ఆ కడియం తీసి రాలేదు. పుట చూపించి, ఇది ఎవరి రాతని లాయరు మేడం అడిగితే చెప్పాను. అప్పుడు వాళ్ల లాయరు లేచాడు.

"ఈ నాలుగు వాక్యాలు మాత్రం పుటలో మిగతావాటికన్నా పెద్దగా ఉన్నాయి. చూశావా అమ్మా?"

"చూశాను సార్."

"అంటే ఇవి తర్వాత ఇంకెవరో చేర్చినవి. నువ్వే చేర్చి ఉండొచ్చు. చదువుకున్నదానివి కదా."

చెయ్యి వణికినా చదవడానికి వీలుగా నర్సమ్మ రాసిన అక్షరాలే ఇప్పుడు అక్కను ముంచబోతున్నాయి. అమ్మ కేసు కూడా ఒక్క వాక్యం మీదే పోయింది. ఆ బస్సు గుర్తొచ్చింది. ఈసారి ఆ బస్సులో అక్క ఉంటుంది.

"ఆమె భయపడినప్పుడు పెద్దగా రాస్తుంది సార్" అన్నాను. నా మాట నాకే వినిపించలేదు. మేజిస్ట్రేటుగారు మళ్లీ చెప్పమన్నారు. గట్టిగా చెప్పాను. "చెయ్యి వణుకుతుంది కాబట్టి, చదివేవాళ్లకు తెలియాలని పెద్దగా రాస్తుంది. ఇదొక్కటే కాదు సార్. ఇలాంటివి రాసినప్పుడల్లా అంతే. వెనక పుటలు చూడండి."

వాళ్ల లాయరు నవ్వాడు. "మీ ఊళ్లో ఆడవాళ్లకు పడవ అంచు తగలడం మామూలేగా? ఈమె పాత పుస్తకాల నిండా అదేగా రాసింది? అప్పుడు రాసింది నిజమా, ఇప్పుడు రాసింది నిజమా?"

"అప్పుడు చెప్పింది రాసేది సార్. తర్వాత చూసింది రాసింది."

మేజిస్ట్రేటుగారు రిజిస్టరు తన వైపు లాక్కుని వెనక్కి తిప్పడం మొదలుపెట్టారు. ఒకచోట ఆగారు. వేలు పెట్టి చూశారు. మళ్లీ తిప్పారు. మళ్లీ ఆగారు. అలా ఐదారుసార్లు. ఆయన ఏ పేరూ పైకి చదవలేదు. అందుకు ఆయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను. ఆ పెద్ద అక్షరాల వెనక ఉన్న ఆడవాళ్లలో కొందరు ఇంకా ఆ ఇళ్లలోనే ఉన్నారు. పుస్తకం మూసి, ఏదో రాసుకుని, తీర్పు రెండు వారాల తర్వాత చెబుతామన్నారు. అప్పటిదాకా పాత ఉత్తర్వు అలాగే ఉంటుందన్నారు.

అమ్మ, అక్క, నేను ఊరి బస్సెక్కాం. బావ బస్సులో లేడు. ఆ ఒక్క సంగతినే దారి పొడుగునా మళ్లీ మళ్లీ తలుచుకున్నాను.

ఇది జరిగి నాలుగు రోజులైంది. తీర్పు ఇంకా రాలేదు. ఏమొస్తుందో తెలియదు. నర్సమ్మ గురించి నాలుగు మాటలు రాద్దామని ఈ సాయంత్రం వసారాలో కూర్చున్నాను. ఎండ ఇంకా పోలేదు. సరస్సు మీది గాలికి కాగితాలు ఎగురుతున్నాయి. సగం రాశానో లేదో, ఆ చప్పుడు వినిపించింది. దూరం నుంచి పెద్దదవుతూ వచ్చింది. అక్క చేతిలోని చేట కింద పెట్టి గోడకు ఆనుకుంది. చప్పుడు కల్వర్టు దగ్గరకు వచ్చింది. ఆగింది. దాటలేదు. వెనక్కీ పోలేదు. ఇంజను మాత్రం ఆపలేదు. అవతల అలా మోగుతూనే ఉంది.

అమ్మ లోపలినుంచి వచ్చి నా పక్కన కూర్చుంది. కాగితం ఎగరకుండా తన ఎడమ చెయ్యి దాని మీద పెట్టింది. వంకరగా అతుక్కున్న మణికట్టు.

"నర్సమ్మ గురించా?" అంది.

"అవునమ్మా."

కల్వర్టు వైపు చూస్తూనే, "నాది గూడా రాయి మే" అంది. "ఇది పడవ గాదు. మీ నాయన చెయ్యి. నర్సమ్మ అడగలేదని కాదు, నేనే చెప్పలా. ఇప్పుడు చెబుతుండా. రాయి."

ఇంజను ఆగలేదు. నేను రాస్తున్నాను. అక్షరాలు పెద్దవిగా వస్తున్నాయి.